కత్తెర జోగారావు గారికి నివాళి

ఈ నెల ‘మూడో గంట’ పన్నెండు రోజులు ఆలస్యంగా మీ చేతికి వచ్చింది. కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకున్నాను. మూడు వారాల పాటు అక్షరం చూడొద్దన్నారు డాక్టరు గారు. ఈ పత్రికకి సంపాదకురాలిని, ప్రూఫులు దిద్దేదాన్ని, కట్టలు కట్టి పోస్టాఫీసుకి మోసుకెళ్ళేదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నా కన్ను మూసుకుంటే పత్రిక కూడా మూసుకుంటుంది. ఎందుకు రాలేదని ఉత్తరాలు రాసినవాళ్ళకీ, ఉన్నానో పోయానో అని ఫోన్లు చేసినవాళ్ళకీ ఇదే జవాబు. ఉన్నాను. ఎడమకంటికి వచ్చే ఏడాది అట. నల్లద్దాలు పెట్టుకుని, విశాఖపట్నంలో ఈ మేడమీద గదిలో ఏ పనీ లేకుండా కూర్చున్న ఆ రోజుల్లోనే ఒకాయన అడ్రసు వెతుక్కుంటూ వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. బ్యాంకులో పనట, ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడట. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు.

“మాది నర్సీపట్నమండి. మా నాన్నగారు పోయిన నెల పోయేరు. అక్కడ సినిమా హాలుకి పాతికేళ్ళు మేనేజరుగా చేసేరండి. సినిమా అంటే ప్రాణం ఆయనకి. మీ పత్రికలో చిన్న నివాళి వేస్తారేమోనని ఫొటో తెచ్చేను” అన్నాడు. ఫొటో చేతికిచ్చాడు గాని నల్లద్దాల్లోంచి నాకు బూడిదరంగు తప్ప ఏమీ కనబడలేదు. పేరేమిటని అడిగాను. “జోగారావు గారండి” అన్నాడు. నేను ఫొటోని ఒళ్ళో పెట్టుకున్నాను. అతను అసలు విషయం అప్పుడు చెప్పాడు. “ఆయనకి ఊళ్ళో ఎవరో దుర్మార్గులు ఒక పేరు పెట్టేరండి. చనిపోయేదాకా ఆ పేరు వదల్లేదు. పాడె మోసుకెళ్తుంటే కూడా కిళ్ళీకొట్టు దగ్గర ఎవడో ఆ పేరే అన్నాడు, నా చెవులతో విన్నాను. మీలాంటి పెద్దవారు నాలుగు మంచి మాటలు రాస్తే ఆ పేరు పోతుందని ఆశ.”

ఏం పేరని నేను అడగలేదు. ఆ పేరు పెట్టింది నేనే. వచ్చే ఆదివారం రమ్మని, ఈలోగా రాసి ఉంచుతానని చెప్పి పంపాను. కన్ను తెరిచాక నేను రాసిన మొదటి రాత ఇది.

మా నాన్న పేరు సూరిబాబు. నేను పుట్టకముందు నుంచీ ఆ హాల్లో ప్రొజెక్టరు నడిపే ఆపరేటరు. హాలు పేరు రాయను, ఇప్పుడది పెళ్ళిళ్ళ మండపం, ఆ పాపం దానికెందుకు. మాకు రెండు గదుల పెంకుటిల్లు. బస్టాండు నుంచి నడిచి వస్తే పది నిమిషాలు. ఏజెన్సీ కొండల నుంచి దిగే బస్సులు మా సందు చివర్నుంచే పోయేవి, వాటి మీద విస్తర్లు కుట్టే అడ్డాకుల కట్టలు, పనసకాయలు, చింతపండు బుట్టలు ఉండేవి. బెల్లం వండే రోజుల్లో మాకవరపాలెం వైపు నుంచి వచ్చే గాలికి ఇల్లంతా తియ్యటి పొగ వాసన నిండిపోయేది. కాని మా ఇంటి అసలు వాసన అది కాదు. మా ఇల్లు అరటిపండు వాసన వేసేది. తెగిన ఫిల్మును అతికించే జిగురుది ఆ వాసన. నాన్న చొక్కాలు, దుప్పటి, ఆయన ముద్ద కలిపి నాకు పెట్టే అన్నం, అన్నీ అదే వాసన. అమ్మ వారానికి రెండుసార్లు ఆయన బట్టలు కుంకుడురసంలో నానబెట్టేది. ప్రొజెక్టరులో వెలుగు కోసం కాల్చే కార్బన్ పుల్లల మసి పోయేది గాని అరటిపండు పోయేది కాదు. ఇంటికొచ్చిన చుట్టాలు గూట్లో పళ్ళున్నాయేమోనని వెతికేవాళ్ళు.

నాన్న ఎనిమిదింటికి లేచేవాడు. అమ్మ, ఆవిడ పేరు నూకరత్నం, చద్దన్నంలో ఉల్లిపాయ, మజ్జిగ వేసి ఉంచేది. అది తిని గుమ్మంలో కూర్చుని, కుడిచేతి బొటనవేలి గోరుని బ్లేడుతో సన్నగా చెక్కుకునేవాడు. ఫిల్ము అతికించే ముందు దాని మీది మందుపూత గీకాలి, ఆ గీకుడుకి బ్లేడు కన్నా గోరు నయమనేవాడు. అతుకు ఎలా వెయ్యాలో నాకు పదేళ్ళప్పుడే నేర్పాడు. తెగిన ముక్కలు రెండు తెచ్చి కిటికీ వెలుగులో పట్టుకుని, “సూడు తల్లీ, ఈ బొమ్మలో కాలెత్తింది. ఈ బొమ్మలో కాలు దించింది. మజ్జిలో ఒక్క బొమ్మ పోయినా కుంటుతున్నట్టు కనబడతాది. సూసినోడికి తెలీకుండా అతకాల” అనేవాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా సినిమా చూస్తుంటే నాకు కథకన్నా ముందు అతుకులే కనబడతాయి. నా సమీక్షల్లో దయ లేదని అనేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. నాకు చూపు నేర్పినవాడు కుంటుని క్షమించేవాడు కాదు.

ఆయన ఏ సినిమానీ సినిమాగా చూడలేదు. ఆయనకి అన్నీ రీళ్ళే. “కొత్త బొమ్మ ఎలగుంది?” అని ఎవరైనా అడిగితే “ఏడో రీలు దాకా సుబ్బరంగా ఉంది, తరవాత గీతలు” అని చెప్పేవాడు. బీడీ తాగేవాడు కాదు. ప్రొజెక్టరు ఉండే కేబిన్లో నిప్పురవ్వ పడితే ఏమవుతుందో తెలుసు కాబట్టి కేబిన్ బయట కూడా తాగేవాడు కాదు. ఇక మందు సంగతి చెప్పనక్కరలేదు. మా మేనమామలు పండక్కి కల్లు తెచ్చుకుంటే ఆయన వాసన పడక లేచి వీధిలోకి వెళ్ళేవాడు. ఈ మాట ఇక్కడ రాయడానికి కారణం ఉంది.

మేనేజరు జోగారావు గారు తెల్లచొక్కా మనిషి. జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి. మా నాన్నతో మంచిగానే ఉండేవాడు, దీపావళికి మిఠాయి పంపేవాడు. ఆయన చెడ్డతనం అరిచే రకం కాదు. మా హాల్లో మామూలుగా రోజుకి మూడాటలు. జనం విరగబడే సినిమా వస్తే ఆదివారాలు ఐదాటలు వేయించేవాడు. ఐదాటలు పట్టాలంటే సినిమా పొట్టి కావాలి. అందుకని నాన్నని పిలిచి, “సూరిబాబూ, ఆ రెండో పాటా, ఆ పెళ్ళిచూపుల కామెడీ తీసెయ్. డబ్బా వెనక్కి పంపేటప్పుడు మళ్ళీ అతికించెయ్” అనేవాడు. నాన్నకి అది కడుపుకోత. కోసిన ముక్కల్ని రేకుడబ్బాలో జాగ్రత్తగా చుట్టి ఉంచి, సినిమా వెళ్ళిపోయే ముందురోజు కూర్చుని ఒక్కొక్కటీ దాని చోట్లో అతికేవాడు. ఇంటికొచ్చి అమ్మతో, “ఇయ్యాల రెండు పాటలు కోయించేడు” అని మాత్రం అనేవాడు. “నువ్వెందుకు కొయ్యాల?” అని అమ్మ అడిగితే, “నాను కొయ్యకపోతే ఇంకొకడు కత్తెరెట్టి కోస్తాడు. ఆడికి అతకడం రాదు” అనేవాడు.

నేను ఇంటరు రెండో ఏడు చదువుతున్నప్పుడు ఒక సినిమా వచ్చింది. అందులో ఒక పాట రేడియోలో రోజూ మోగేది, ఊళ్ళో హోటళ్ళలో మోగేది, మా కాలేజీ ఆడపిల్లలందరికీ వచ్చు. చెరుకు కోతలు అయిపోయి మాకవరపాలెం రైతులు ట్రాక్టర్లకి తొట్లు కట్టుకుని, పెళ్ళాం పిల్లల్తో ఆదివారం మ్యాటినీకి దిగారు. నేనూ అమ్మా ఆడవాళ్ళ బెంచీల్లో కూర్చున్నాం. పాట రావలసిన చోటు వచ్చింది. హీరోయిన్ మెట్ల మీద నిలబడి చెయ్యి ఎత్తింది. మరుక్షణం వాన పడుతోంది, హీరో ఆసుపత్రిలో ఉన్నాడు. పాట లేదు. ముందు ఈలలు వేశారు. తర్వాత కుర్చీలు విరిచారు. ఎవరో సోడాసీసా విసిరితే తెర పక్కనుంచి నిలువునా చిరిగింది. లైట్లు వెలిగాయి.

జోగారావు గారు తెరముందున్న అరుగు మీదికి ఎక్కాడు. మా నాన్నని రెక్క పట్టుకుని వెంట తెచ్చాడు. నాన్న చేతుల నిండా మసి, బనీను మీద ఉన్నాడు, కేబిన్ వేడికి చొక్కా విప్పి పనిచేసేవాడు. నాకూ అమ్మకీ ఏం జరుగుతోందో అర్థం కాలేదు. జోగారావు గారు చేతులు జోడించి జనంతో, “బాబూ, తప్పు హాలుది కాదు. ఈ ఆపరేటరు పీకలదాకా తాగేసి మిషను మీద పడ్డాడు. రీలు కాలిపోయింది. మీరే బుద్ధి చెప్పండి” అన్నాడు. నాన్న ఆయన వైపు తిరిగి చూశాడు. ఆ చూపు నేను ఇప్పటికీ చెప్పలేను. కోపం కాదు, ఆశ్చర్యం కూడా కాదు. కోసిన ముక్క ఎక్కడ అతకాలో తెలీనప్పుడు కిటికీ దగ్గర నిలబడేవాడే, అలా ఉంది. జోగారావు గారు ఆయన చెవిలో ఏదో అన్నాడు. నాన్న చేతులు జోడించాడు. వెనకనుంచి “గుంజీలు తియ్యరా తాగుబోతు నాకొడకా” అన్నారు. నాన్న చెవులు పట్టుకుని గుంజీలు తీశాడు. లెక్కపెట్టారు జనం, నవ్వుతూ. ఎవరిదో చెప్పు వచ్చి ఆయన భుజానికి తగిలింది. అమ్మ పైటకొంగు మొహం మీదికి లాక్కుంది. నేను లాక్కోలేదు. ఎవరు నవ్వారో, ఎవరు లెక్కపెట్టారో మొహాలన్నీ చూసి పెట్టుకున్నాను.

చెవిలో జోగారావు గారు అన్న మాట తర్వాత తెలిసింది. “ఊరుకో సూరిబాబూ, లేకపోతే హాలు తగలబెట్టేస్తారు. రేపు నేనే అందరికీ నిజం చెబుతాను” అన్నాడట. మర్నాడు నాన్న వెళ్ళి అడిగితే, “జనం రెండు రోజుల్లో మర్చిపోతారు, నువ్వూ మర్చిపో” అన్నాడట. నాన్న కేబిన్‌లోకి వెళ్ళి రెండు మిషన్లూ తుడిచి, గుడ్డ కప్పి, తాళంచెవులు బల్ల మీద పెట్టి ఇంటికొచ్చేశాడు. తర్వాత బస్టాండు దగ్గర మోటార్లకి తీగ చుట్టే షాపులో పనికి కుదిరాడు. ఇంట్లో అరటిపండు వాసన పోయి వార్నిష్ వాసన వచ్చింది.

జనం మర్చిపోలేదు. మా నాన్న ‘తాగుబోతాపరేటరు’ అయిపోయాడు. కూరగాయల బజారులో అమ్మని ‘తాగుబోతాపరేటరు పెళ్ళాం’ అన్నారు. మా మేనమామ కూతురు పెళ్ళిలో వడ్డించేవాడు మజ్జిగ దగ్గరికొచ్చేసరికి, “బావగారికి మజ్జిగ ఏటి సరిపోతాది” అని నవ్వాడు. పందిరంతా నవ్వింది. నాన్న కూడా నవ్వి, తలొంచుకుని తిన్నాడు. కాలేజీలో నా బెంచీ మీద ఎవరో చాక్‌పీసుతో సీసా బొమ్మ వేశారు. నేను దాన్ని తుడవలేదు. దాని మీదే పుస్తకాలు పెట్టుకుని, జోగారావు గారికి కూడా ఒక పేరు పెట్టాలని అక్కడే అనుకున్నాను. ఒక్క మాట చాలు ఒక మనిషిని ఊళ్ళో లేకుండా చెయ్యడానికి. అది ఆయనే నాకు నేర్పాడు.

సాయంత్రాలు నేను టైపు నేర్చుకునే ఇన్‌స్టిట్యూట్ శేషారత్నం గారిది. పెళ్ళి చేసుకోలేదు, నలభై ఉంటాయి, సినిమా పిచ్చి. కాగితాలు అచ్చుతీసే సైక్లోస్టైల్ మిషను ఊళ్ళో ఆవిడ దగ్గరొకటీ, కోర్టు దగ్గర ఇంకొకటీ ఉండేవి. నేను అనుకున్నదంతా ఆవిడకి చెప్పాను. “మీ నాన్న గురించి రాస్తే ఎవడూ చదవడు వరాలూ” అన్నారావిడ. “వాళ్ళ పాట పోయిందని రాయి. చదివి చస్తారు.” ఆ ఒక్క సలహాతో నేను సంపాదకురాలినయ్యాను.

ఆదివారాలు పొద్దున్నే బస్సెక్కి ఇద్దరం యలమంచిలి వెళ్ళేవాళ్ళం. అక్కడి హాలు వాళ్ళు సినిమా కోసేవాళ్ళు కాదు. నేను చీకట్లో, చూడకుండానే, నోటుపుస్తకంలో పాటలూ ఫైట్లూ కామెడీ వరసగా రాసుకునేదాన్ని. చీకటి పడ్డాక ఇంటికొచ్చేవాళ్ళం. అదే సినిమా మా ఊరు వచ్చాక మళ్ళీ చూసి, పోయినవి కొట్టేసేదాన్ని. మొదటి కాగితం మీద ఇంతే ఉంది: “ఈ సినిమాలో పాటలు ఆరు. మన ఊళ్ళో నాలుగు. రెండో పాట, ఐదో పాట యలమంచిలి వాళ్ళు చూశారు, మనం చూడలేదు. హీరో చెల్లెలి పెళ్ళి కూడా కోసేశారు. అందుకే ఆవిడ ఇంటర్వెల్ తర్వాత ఎవరి బిడ్డని ఎత్తుకుందో మీకు అర్థం కాలేదు.” పైన పేరు ‘మూడో గంట’. హాల్లో మూడో గంట కొడితే ఇక సినిమా మొదలైనట్టు. ఎవరు రాశారో లేదు. శేషారత్నం గారు వంద కాపీలు తీశారు. తెల్లారి బస్టాండులో, మంగలిషాపుల్లో, మా కాలేజీ గోడ మీద ఉన్నాయి.

నెల తిరిగేసరికి ఊరు దానికోసం ఎదురుచూసేది. టిక్కెట్టు గది కిటికీ దగ్గర మనుషులు కాగితం పట్టుకుని, “ఇయ్యాలెన్ని పాటలున్నాయండి మేనేజరు గారూ?” అని అడిగేవాళ్ళు. ఆయన మొహం చూడ్డానికే నేను అటువైపు నుంచి కాలేజీకి వెళ్ళేదాన్ని. మూడో కాగితంలో మొదటిసారి రాశాను: “ఈ వారం సినిమాకి దర్శకులు ఇద్దరు. రెండోవారు మన కత్తెర జోగారావు గారు.” అంతే. సాయంత్రానికి ఆ పేరు ఊరంతా పాకింది. పిల్లలు ఆయన సైకిలు వెనక రెండు వేళ్ళు ఆడిస్తూ పరిగెత్తేవాళ్ళు. ఆయన తెల్లచొక్కాతో పెద్ద బజారులోకి వస్తే దర్జీలు తమ కత్తెరలు చూపించేవాళ్ళు. ఆ రోజుల్లో నేను కడుపునిండా అన్నం తిన్నాను. అబద్ధం ఎందుకు, అంత సుఖం నాకు తర్వాత ఏ బహుమతిలోనూ దొరకలేదు.

కాగితం ఒకటి సినిమా పంపేవాళ్ళ ప్రతినిధి కంట్లో పడింది. ఇలా కోస్తే ఇక మీ హాలుకి సినిమా ఇవ్వమన్నారట. ఓనరు గారు ఎవరు కోశారని అడిగితే, మానేసిన ఆపరేటరు తన ఇష్టప్రకారం కోసి, కొత్తగా వచ్చినవాడికీ అదే అలవాటు నేర్పి పోయాడని జోగారావు గారు చెప్పాడు. అలాగని ఆపరేటరు చేత రాయించి తెమ్మన్నారు. ఒక ఉదయం ఆయన మా గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో టైపు చేసిన కాగితం. నాన్న స్టూలు వేశాడు. “నీల్లియ్యి రత్నం” అన్నాడు. అమ్మ గ్లాసు తెచ్చి ఆయన చేతికివ్వకుండా నేల మీద పెట్టింది.

“తాగుబోతు ఇంట్లో నీల్లు తాగుతారేటి బాబూ మీరు?” అంది.

ఆయన తల వంచుకున్నాడు. “తప్పయిపోయిందమ్మా. ముగ్గురు పిల్లలు నాకు. ఉద్యోగం పోతే ఎక్కడికి పోను? సూరిబాబు ఎలాగూ మానేశాడు. ఒక్క సంతకం” అన్నాడు.

నేను తలుపు పక్కనుంచి, “పెట్టకు నాన్నా” అన్నాను. నాన్న నన్ను చూడలేదు. కాగితం రెండుసార్లు చదివాడు. “సంతకం ఎడతాను” అన్నాడు. “మీరొక పని సెయ్యాల. ఆ రోజు నన్ను నిలబెట్టిన సోటే నిలబడి, ఆదివారం మ్యాటినీ జనానికి, నాను తాగలేదని సెప్పండి. పక్కన నానుంటాను. అదయ్యేక ఎడతాను.” జోగారావు గారు గ్లాసు వైపు చూశాడు. చివరికి సరేనన్నాడు.

ఆదివారం మేం ముగ్గురం వెళ్ళాం. అమ్మ పెళ్ళినాటి చీర కట్టుకుంది. ఇంటర్వెల్లో లైట్లు వెలిగాక ఆయన అరుగెక్కాడు, పక్కన నాన్న, ఉతికిన చొక్కాలో. నేను ఈ క్షణం కోసం నెలల తరబడి కాగితాలు వేశాననుకున్నాను. జోగారావు గారు నోరు తెరిచాడు. నేలక్లాసులోంచి ఒకడు “కత్తెరొచ్చేడ్రోయ్” అన్నాడు. అంతే, హాలంతా అందుకుంది. కత్తెర, కత్తెర అని బెంచీల మీద దరువేశారు, వేళ్ళు ఆడించారు, ఈలలు వేశారు. ఆయన పెదవులు కదులుతున్నాయి. మైకు లేదు. నేను లేచి “ఊరుకోండి, వినండి” అని అరిచాను, నా అరుపు నాకే వినబడలేదు. నేను పెట్టిన పేరే అది. నా పక్కనున్న ఆడవాళ్ళు కూడా చప్పట్లు కొడుతూ అదే అంటున్నారు. ఆయన చెప్పడం అయిపోయి దిగిపోయాడు. మూడో గంట కొట్టారు. సినిమా మొదలైంది.

బయటికొచ్చాక, “ఏటన్నాడు నాన్నా?” అని అడిగాను.

“‘సూరిబాబు ఆ రోజు తాగలేదు. పాట కోయించింది నేనే’ అన్నాడు. నాను విన్నాను. సాలు.”

“ఎవరూ వినలేదు కదా. మళ్ళీ చెప్పమను. సంతకం పెట్టకు.”

“మాటిచ్చేను. ఆడు సెప్పేడు.” కొంచెం దూరం నడిచాక అన్నాడు, “ఆ కాయితం నువ్వే రాస్తన్నావని నాకు మొదట్నుంచీ తెల్సు తల్లీ. పాట ఏ రీల్లో ఉందో ఊళ్ళో ఇంకెవరికి తెల్సు? రాయడం మానకు. ఆ పేరు మాను.”

ఆయన చెప్పినవన్నీ చేశాను, అదొక్కటి తప్ప. నాన్న సంతకం పెట్టాడు. యలమంచిలి హాలు వాళ్ళు అప్పటికే ఆయన్ని ఆపరేటరుగా రమ్మన్నారు. ఆ సంతకం సంగతి తెలిశాక మళ్ళీ పిలవలేదు, సినిమా కోసే మనిషిని ఎవరు పెట్టుకుంటారు. జోగారావు గారి ఉద్యోగం నిలబడింది. నాకు ఆ అన్యాయం మింగుడుపడలేదు. ఆ ఊళ్ళో కాగితం వేసినంతకాలం, ఆయన కోయించడం మానేశాక కూడా, ఏదో ఒక మూల ఆ పేరు ఇరికించేదాన్ని. పేరు ఆరిపోతుందేమోనని మంట ఎగదోసేదాన్ని. నాన్న ఆ కాగితాలన్నీ చదివాడు. ఎప్పుడూ ఏమీ అనలేదు. మోటార్లకి తీగ చుడుతూనే ముసలివాడయ్యాడు, పోయాడు. ఆయన పోయిన రోజు మా సందులో ఒకావిడ పక్కావిడతో, “పాపం, తాగుడే తినీసింది” అంది.

ఇప్పుడు సినిమా డబ్బాలో రాదు. ఎక్కడినుంచో నేరుగా హాల్లోకి దిగుతుంది, కేబిన్లో మనిషి ఉంటే ఉన్నాడు, లేకపోతే లేదు. పాట కోసేవాడూ లేడు, అతికేవాడూ లేడు. నచ్చకపోతే చూసేవాడే వేలితో ముందుకి తోసుకుపోతాడు. ఒక మనిషి పరువు తియ్యడానికి ఇప్పుడు అరుగు ఎక్కనక్కరలేదు, సైక్లోస్టైల్ తిప్పనక్కరలేదు. కుర్రవాళ్ళు ఫోన్లో ఐదు నిమిషాల్లో చేస్తున్నారు. నాకు తెలిసిన పనే కాబట్టి వాళ్ళని తిట్టలేను. మేం దానికి ఒక వారం కష్టపడేవాళ్ళం, అంతే తేడా.

ఆదివారం జోగారావు గారి అబ్బాయి వచ్చాడు. కాగితాలు చేతికిచ్చి చదవమన్నాను. చదువుతున్నంతసేపూ నేను అతని మొహమే చూశాను, కన్ను బాగా పనిచేస్తోంది. చివరి పేజీ అయ్యాక కాగితాలు దొంతి సర్ది బల్ల మీద పెట్టాడు.

“అప్పుడు నాకు తొమ్మిదేళ్ళండి” అన్నాడు. “బళ్ళో నన్ను ‘బుల్లికత్తెర’ అనేవారు. బడి మానేస్తానని ఏడ్చేను. నేనేం చేశానండి మీకు?”

“నాకు పదిహేడు. నేనూ మీ నాన్నగారికి ఏమీ చెయ్యలేదు” అన్నాను.

నేను క్షమించమని అనలేదు. అనాలని నోటిదాకా వచ్చింది, కాని మా నాన్న గుంజీలు తీస్తున్నప్పుడు ఈ అబ్బాయి తండ్రే ఆయన పక్కన నిలబడి లెక్క అయ్యేదాకా ఆగాడు. అది గుర్తొచ్చింది. “మీ నాన్నగారి గురించి నాకు తెలిసిన మంచి ఒక్కటే బాబూ. ఆ ఆదివారం అరుగెక్కి నిజం చెప్పాడు. ఎవరూ వినలేదు. అది వేస్తాను, ఆయన ఫొటో కింద, పెద్ద అక్షరాల్లో. అంతకన్నా నివాళి నా దగ్గర లేదు” అన్నాను.

“వేస్తే ముందు అబద్ధమాడేరని కూడా అందరికీ తెలుస్తాది.”

“తెలుస్తుంది.”

అతను లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. “వెయ్యండి. ఫొటో కింద మాత్రం ఆ పేరు వెయ్యకండి” అన్నాడు. వెయ్యనని మాటిచ్చాను.

పక్క పేజీలో ఫొటో ఉంది. దాని కింద ‘శ్రీ జోగారావు, మేనేజరు’ అనీ, ఆయన ఆ రోజు అన్న రెండు వాక్యాలూ తప్ప ఇంకేమీ లేవు. ఫొటో కింద ఆ పేరు వెయ్యనన్నాను, వెయ్యలేదు. ఈ పేజీల్లో వెయ్యనని నేనెవరికీ మాటివ్వలేదు.